బంగాళాదుంప: పాకభేదము, జీర్ణభేదము

బంగాళాదుంప తినవచ్చునా అని మధుమేహ రోగులు తరచుగా అడుగుదురు. ఎట్లు వండినది అని ముందుగా విచారింపవలెను.

దక్షిణ అమెరికాలో పుట్టి ఐరోపావారి వలన మనకు చేరిన దుంప గనుక చరకసంహితలో దీని ప్రస్తావన లేదు. అయినను విమానస్థానమున చరకుడు చెప్పిన ఎనిమిది ఆహారవిధి విశేషములలో ‘కరణము’ దీనికి చక్కగా వర్తించును. నీరు, అగ్ని, కాలము మొదలగు వాని సంస్కారముచే ద్రవ్యగుణము మారునని దాని భావము.

పచ్చిదుంపలోని పిండి గట్టి రేణువులుగా నుండి జీర్ణరసములకు సులభముగా లొంగదు. నీటిలో ఉడుకునపుడు, వేడి సుమారు 60-70 డిగ్రీల సెంటీగ్రేడు చేరగనే ఆ రేణువులు నీరు పీల్చి ఉబ్బి విచ్చుకొనును. అందుచేత వేడి దుంప త్వరగా జీర్ణమై రక్తములో చక్కెరను వేగముగా పెంచును. మెత్తగా మెదిపినచో ఆ వేగము మరింత హెచ్చు.

ఉడికిన దుంపను చల్లార్చి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచినచో, విడివడిన పిండిలో కొంత మరల దగ్గరకు చేరి గట్టిపడును. ఆ భాగము చిన్నప్రేగులో జీర్ణము కాదు; తిరిగి వేడిచేసినను కొంత అట్లే నిలుచును. మధుమేహ రోగికి ఇది కొంత మేలే. అట్లని రెండింతలు తినరాదు. పిండిలో ఎక్కువ భాగము అప్పటికిని చక్కెరయే యగును.

పర్యుషితాహారము, అనగా నిలువయున్నది, వర్జ్యము కదా అని పాఠకులు అడుగవచ్చును. రాత్రంతా వంటయింటి గట్టుపై విడిచిన దుంప నిస్సందేహముగా వర్జ్యమే. అందు సూక్ష్మజీవులు పెరుగును. వండిన కొద్దిసేపటికే ఫ్రిజ్‌లో భద్రపరచి మరునాడు వాడినదానిని నేను దానితో సమానముగా ఎంచను. అయితే అదియు అందరికీ సరిపడదు. జీర్ణము కాని పిండి పెద్దప్రేగున పులిసి వాయువు పుట్టించును. కావున మందాగ్ని, కడుపుబ్బరము గలవారు తాజాగా ఉడికించినదే, కొద్దిగా, అల్లము, ఇంగువ తాలింపుతో తినుట యుక్తము.

వేపుడు తినినచో నూనె వలన చక్కెర నెమ్మదిగా పెరుగును. ఇది చూచి వేపుడే మేలని కొందరు భ్రమపడుచున్నారు! నూనె భారము అటుంచి, 120 డిగ్రీలు మించి ఎర్రగా వేగిన దుంపలో ఆక్రిలమైడు అను హానికర పదార్థము ఏర్పడునని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

మన భోజనమున అన్నమును పిండియే. దుంపకూర తినిన పూట మధుమేహ రోగి ఆ మేరకు అన్నము తగ్గించి, ఆకుకూర, పప్పు చేర్చుకొనవలెను. కూరపై నిమ్మరసము పిండుకొనుట మంచిది. భోజనమారంభించిన రెండు గంటలకు రక్తములో చక్కెర పరీక్షించుకొనినచో ఏ పాకము తనకు సరిపడునో తెలియును.