పావుగంట వెలుగు

వేడిగాలి బెలూన్‌ను అందంగా ఫొటో తీయాలంటే అసురసంధ్య వేళే తీయాలి. ఆ బెలూన్లు ఎగరని కృష్ణా డెల్టాకు సొంత బెలూన్ ఇంకొకటి ఉంది. దాన్ని కెమెరాకు ఎక్కించుకోవాల్సిందీ ఆ వేళలోనే!

2017 నవంబరులో ఒకసారి, 2019 జనవరిలో మరోసారి అరకు లోయలో బెలూన్ పండుగ జరిగింది. టర్కీలోని కపడోకియా పేరు చెప్పి క్యాలెండర్లలో చూసుకునే రంగురంగుల బెలూన్లు మన కొండల మధ్య లేచాయి. తెలుగు ఫొటోగ్రాఫర్లకు అదో కొత్త చదువు.

నిజానికి బెలూన్‌కూ కెమెరాకూ పాత చుట్టరికమే. 1783 నవంబరు 21న పారిస్‌లో మోంగోల్ఫియే సోదరుల వేడిగాలి బెలూన్ ఇద్దరు మనుషుల్ని తాడు ఆసరా లేకుండా ఆకాశంలోకి తీసుకెళ్లింది. 1858లో నాదార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ బెలూన్ బుట్టలో నిలబడి ప్రపంచంలోనే తొలిసారి ఆకాశం నుంచి నేలను ఫొటో తీశాడు. ఆయనది వాయువు నింపిన బెలూన్. అందులోంచి కారే వాయువు తగిలి ప్లేట్లు పదేపదే పాడైతే, దాని మూతి మూయించి మరీ పని సాధించాడు.

రెండు వెలుగుల తూకం

మధ్యాహ్నం నేల కాగి, వేడిగాలి సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. అందులో చిక్కిన బెలూన్ పైలట్ మాట వినదు. అందుకే తెల్లవారుజామున, లేదంటే పొద్దువాలే ముందు ఎగురుతారు. చీకటి పడుతుండగా కొన్ని బెలూన్లను తాళ్లతో నేలకు కట్టి, బర్నర్లు మాత్రం వెలిగిస్తారు. నైట్ గ్లో అనే ఈ ప్రదర్శన కోసమే ఫొటోగ్రాఫర్లు కాచుకుని ఉంటారు.

పొద్దు కుంకీ కుంకగానే తీస్తే ఆకాశపు వెలుగు ముందు బర్నర్ మంట వెలవెలబోతుంది. బాగా చీకటయ్యాక తీస్తే బెలూన్ ఒక్కటే మిగులుతుంది, వెనక కొండ ఉందో ఊరు ఉందో తెలియదు. సూర్యాస్తమయం తర్వాత ఇంచుమించు పావుగంటకు ఆకాశం ముదురు నీలానికి దిగుతుంది. ఆకాశం వెలుగూ మంట వెలుగూ సరితూగేది అప్పుడే. ఆ తూకం ఎక్కువసేపు నిలవదు.

మంటలోనూ తేడా ఉంది. మామూలుగా ఎగిరేటప్పుడు వాడే ప్రొపేన్ మంట నీలంగా, పెద్ద హోరుతో వస్తుంది. దానితో గుడ్డ అంతగా వెలగదు. ద్రవ ప్రొపేన్‌ను నేరుగా వదిలితే పసుపు మంట వస్తుంది, బెలూన్ మొత్తం వెలిగేది దానితోనే. తెలుపు, పసుపు, ఎరుపు గుడ్డలు బాగా మెరుస్తాయి. ముదురు రంగులు వెలుగును మింగేస్తాయి. మంట ఉండేది రెండు మూడు సెకన్లే కాబట్టి కెమెరాను ముందే ట్రైపాడ్ మీద సిద్ధంగా ఉంచుకోవాలి. ఆటో మోడ్‌ను నమ్మితే అది చీకటి ఆకాశాన్ని చూసి బెలూన్‌ను తెల్లగా మాడ్చేస్తుంది. మంట వెలిగినప్పుడు గుడ్డ మీద పడే వెలుగును బట్టి ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి.

డెల్టాలో ఎందుకు ఎగరవు?

బెలూన్‌కు చుక్కాని లేదు. గాలి ఎటు తీసుకెళితే అటే దిగాలి. గుడివాడ దాటి కైకలూరు వైపు వెళితే చేపల చెరువులు, ఎటు చూసినా కాలువలు. కోతల ముందు తడి వరిచేలు, ఆ తర్వాత అదే చేలో మినుము. బెలూన్‌ను అందుకోవడానికి కింద రోడ్డు వెంట తరిమే జీపుకు ప్రతి కాలువ దగ్గరా వంతెన దొరకదు. దివిసీమలోనైతే ఒకవైపు కృష్ణ, మరోవైపు సముద్రం. పైగా తెల్లవారుజామున తీరంలో గాలి తరచు నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. వినోదానికి ఎక్కినవారిని అటు పంపే పైలట్ ఉండడు.

బందరు బెలూన్

అయినా బందరులో బెలూన్ ఎగురుతుంది, మనుషులు లేకుండా. వాతావరణ శాఖ పై గాలుల్ని కొలిచే కేంద్రాల్లో బందరు, అంటే మచిలీపట్నం, ఒకటి. ప్రపంచమంతా ఒకే సమయానికి, మన గడియారం ప్రకారం ఉదయం 5:30, సాయంత్రం 5:30 గంటలకు పై గాలుల్ని కొలవడం రివాజు. దానికి కాస్త ముందే బెలూన్లు వదులుతారు. తెల్లటి రబ్బరు బెలూన్ కింద తాడుకు వేలాడే చిన్న పెట్టె వేడినీ, తేమనూ, పీడనాన్నీ కొలిచి రేడియో ద్వారా కిందికి చెబుతుంది. బెలూన్ నిమిషానికి సుమారు 300 మీటర్ల చొప్పున లేస్తూ, గాలి పలచబడేకొద్దీ ఉబ్బి, 25-30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోతుంది.

నవంబరు, డిసెంబరుల్లో బందరులో పొద్దు ఇంచుమించు ఐదున్నరకే కుంకుతుంది. ఐదు గంటల ప్రాంతంలో లేచిన బెలూన్ అప్పటికి తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. నేల మీద సూర్యుడు కనబడకపోయినా అక్కడ ఇంకా ఎండే. భూమి నీడ పైకి పాకి దాన్ని అందుకోవడానికి మరో పావుగంట పడుతుంది. నైట్ గ్లోలో మంట చేసే పని ఇక్కడ సూర్యుడు చేస్తాడు.

దీన్ని పట్టాలంటే వెలుగు మీ వెనక నుంచి రావాలి, చూపు తూర్పుకు ఉండాలి. గుడివాడ శివార్లు, దివిసీమలో కృష్ణ కరకట్ట అందుకు అనువైన చోట్లు. మేఘాల్లేని రోజు చూసుకోండి. బెలూన్‌ను మొదట బైనాక్యులర్‌తో వెతికి, పొడవాటి లెన్స్‌తో ఫోకస్‌ను చేత్తో సరిచూసుకోవాలి. శీతకాలంలో కింది పొరల ఈశాన్యపు గాలి దాన్ని దివిసీమ వైపు నెడుతుంది. జనవరి నాటికి పై పొరల్లో పడమటి గాలి బలపడి తరచు సముద్రం మీదికి మళ్లిస్తుంది.

ఈ గాలుల సంగతి డెల్టా ప్రాణాలతో ముడిపడింది. 1864 నవంబరు 1న వచ్చిన తుపానుకు బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న ఐదు మీటర్ల ఉప్పెన దివిసీమను ముంచేసింది. అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది. తుపాను ఎటు మళ్లుతుందో చాలావరకు నిర్ణయించేవి పై గాలులే. బందరు రాడార్ వాన మేఘాల్ని చూపిస్తే, ఆ గాలుల్ని స్వయంగా తాకి కబురు పంపేది ఈ బెలూన్.

అందుకే దీన్ని ఒక్క ఫొటోతో వదిలేయకండి. ఒకే చోట నిలబడి, ఒకే లెన్స్‌తో, దూరాన ఒక తాడిచెట్టునో గుడి గోపురాన్నో గుర్తుగా ఉంచుకుని శీతకాలమంతా తీయండి. ప్రతి ఫొటో కింద తేదీ, సమయం రాయండి. నవంబరు గాలి జనవరికి ఎటు మళ్లిందో ఆ వరుసను చూసి బడిపిల్లలు కూడా చెప్పగలుగుతారు.