ఒకే పుస్తకము – అనేక హస్తములు

సబ్ రిజిస్ట్రారు కార్యాలయము మన విద్యార్థులకు అపరిచితము కాదు. ఇల్లు గాని, మెట్ట పొలము గాని కొన్న కుటుంబము వారు జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఆ గడప త్రొక్కియే ఉందురు. దస్తావేజు, నకలు, దాఖలా, తారీఖు అను మాటలు అచ్చట నిత్యము వినవచ్చును. ఇవి ఫారసీ, అరబ్బీ మూలములనుండి వచ్చి ఉర్దూలోను, తెలుగులోను సమానముగా చెల్లుచున్నవి. సర్వరు ప్రోగ్రామింగులోని ఒక సూక్ష్మ విషయమును గ్రహించుటకు ఈ కార్యాలయమే మంచి దృష్టాంతము.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజులు ఒకటవ పుస్తకమున నమోదు కావలెను. అదే చట్టములోని 53వ సెక్షను ప్రకారము పద్దులకు వరుస సంఖ్యలు వేయవలెను. సంవత్సరారంభమున ఆ వరుస మరల మొదలగును. ఒక సంఖ్యకు ఒకే దస్తావేజు. ఈ నియమము తప్పినచో ఒకరి ఆస్తి పత్రము మరొకరి పద్దుగా కనబడి, వ్యాజ్యమునకు దారితీయును. 1998 నవంబరులో ‘కార్డ్’ అను పథకము క్రింద నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటరు సేవలు ఆరంభమైనవి. చేతిపని యంత్రమునకు మారినను నియమము మారలేదు.

ఇట్టి వరుస సంఖ్యల నిచ్చు ప్రోగ్రామును మనలో ఒకరు జావా భాషలో వ్రాయుచున్నారనుకొందము. కార్యాలయమునకు పుస్తకము ఒక్కటే గనుక ప్రోగ్రాములోను దానికి ప్రతిగా ఒకే వస్తువును నిర్మించుట సహజము. దీనినే సింగిల్టన్ అందురు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడీస్ అను నలుగురు రచయితలు వెలువరించిన ‘డిజైన్ పాటర్న్స్’ గ్రంథముతో ఈ పేరు సుప్రసిద్ధమైనది.

సర్వరు ఒకరి పని ముగిసిన పిదపనే మరొకరి పని చేపట్టునది కాదు. పలువురి అభ్యర్థనలను వేర్వేరు థ్రెడ్‌ల ద్వారా ఏకకాలమున నడపును. సంఖ్య 41 వద్ద ఉన్నదనుకొందము. మొదటి థ్రెడ్ 41ని చదివినది. అది 42 అని వ్రాయకమునుపే రెండవ థ్రెడ్ కూడ 41నే చదివినది. ఇరువురును ఒకటి కలిపి 42 అని వ్రాసిరి. దస్తావేజులు రెండు, సంఖ్య ఒక్కటి! ప్రోగ్రాములో ఒక్క అక్షర దోషమైనను లేదు. ఒక్కరే కూర్చుండి పరీక్షించినచో ఈ లోపము బయటపడదు. రద్దీ దినముననే బయటపడును.

దీనికి విరుగుడు తాళము, అనగా లాక్. 2009 డిసెంబరులో వెలువడిన జావా ఈఈ 6లో సింగిల్టన్ బీన్‌కు ఈ తాళమును కంటెయినరే వేయు ఏర్పాటు కలదు. మనము వేరుగా చెప్పనిచో ప్రతి మెథడ్‌కును వ్రాత తాళమే వర్తించును. ఒకరు లోపలనుండగా అన్యులు బయట వేచియుందురు. కేవలము చదువుటకే ఉద్దేశించిన మెథడ్‌లకు చదువరి తాళము వేసినచో పలువురు ఒక్కసారే చదువవచ్చును. చదువరి తాళము వేసిన మెథడ్‌లో ఏ విలువను మార్చినను మొదటి ప్రమాదమే తిరిగి వచ్చును. ఇక స్ప్రింగ్ అను చట్రములో బీన్‌లు సాధారణముగా సింగిల్టన్‌లే అయినను, వానికి అట్టి తాళము దానంతట అది పడదు. కావున వానిలో మారెడు విలువలు నిలుపకుండుటయే శ్రేయస్కరము.

తాళమునకును మర్యాద కలదు. వ్రాత తాళము పట్టుకొని దూరపు సర్వరు జవాబుకై నిరీక్షించినచో వెనుకనున్న వారందరును నిలిచిపోవుదురు. ఒక సింగిల్టన్ రెండవదానికై, ఆ రెండవది మొదటిదానికై తాళముతో వేచియున్నచో రెండును కదలవు. అందుచేత తాళము వేసిన పని క్లుప్తముగా ఉండవలెను. నిరీక్షణకు గడువు పెట్టవలెను.

మరి రెండు హెచ్చరికలు. మొదటిది: డేటాబేసులో లావాదేవీ రద్దైనను సింగిల్టన్‌లోని విలువ వెనుకకు రాదు. మధ్యలో దోషము తలెత్తినను స్టేట్‌లెస్ బీన్ వలె సింగిల్టన్ తొలగింపబడదు. సగము మారిన స్థితితోనే తరువాతి వారికి సేవ చేయును. రెండవది: ‘ఒక్కటే’ అను మాటకు హద్దు కలదు. నందిగామ కార్యాలయములో ఒకటవ సంఖ్య ఉన్నది, జగ్గయ్యపేటలోను ఉన్నది. కార్యాలయము పేరును, సంవత్సరమును చేర్చిననే దస్తావేజు గుర్తు పూర్తియగును. అట్లే సింగిల్టన్ ఒక జావా యంత్రమునకు ఒక్కటి మాత్రమే. రద్దీ కొరకు రెండు సర్వరులు నిలిపినచో సింగిల్టన్‌లు కూడ రెండగును. ఒకదాని తాళము రెండవదానికి తెలియదు. సర్వరు ఆగినచో జ్ఞాపకములోని సంఖ్య మాయమగును. కనుక దస్తావేజు సంఖ్య వంటి శాశ్వత విషయమునకు డేటాబేసే ఆధారము కావలెను. ఒకే సంఖ్య రెండు మారులు పడకుండ అందులోనే కట్టడి విధింపవలెను. అరుదుగా మారు పట్టికలు, సెట్టింగులు మొదలగువానిని అందరికి అందించుటకే సింగిల్టన్‌ను వినియోగించుట మేలు.

విద్యార్థులు ఒక ప్రయోగము చేసి చూడవలెను. రెండు థ్రెడ్‌లు ఒకే లెక్కకు చెరియొక లక్ష మారులు ఒకటి కలుపునట్లు వ్రాయుడు. మొత్తము రెండు లక్షలు రావలెను. తాళము లేనిచో తరచు తక్కువ వచ్చును. తాళము వేసి మరల నడుపుడు. కళాశాల కమిటీ పెద్దలు ఇట్టి అభ్యాసమును కంప్యూటరు ప్రయోగశాలలో చేర్చినచో, రేపు ప్రజల ఆస్తిపాస్తుల లెక్కలు వ్రాయబోవు మన బాలబాలికలు, పలువురు ఒక్కసారిగా వచ్చినను చెడని ప్రోగ్రామును వ్రాయుట నేడే నేర్చుకొందురు.