ఓడెక్కిన పందికొక్కు

ఇంగ్లీషు నిఘంటువులో తెలుగువాడి మాటలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో నిక్కమైనది ‘బాండికూట్’. అది సాక్షాత్తూ మన పందికొక్కు. ‘మంగూస్’ విషయంలో ముంగిసను చూపించి మనం మరాఠీవారితో తగవు పడవలసివస్తుంది గాని, దీనికి ఆ బాధ లేదు. శీతకాలంలో కొల్లేటికి వచ్చే ఒక నీటికోడిని ఇంగ్లీషులో కూట్ అంటారు. ఆ కూట్‌కూ ఈ కూట్‌కూ చుట్టరికమే లేదు. బండికి అసలే లేదు.

కొక్కు అంటే ఎలుకల్లో పెద్దది. అదిలిస్తే రోమాలు నిక్కించి పందిలా గుర్రుమంటుంది, ఆ పేరు అందుకే. ఇంగ్లీషువారు బందరులో వర్తకస్థానం పెట్టినది 1611లో. గిడ్డంగులున్నచోట పందికొక్కుతో పరిచయం తప్పుతుందా? పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి మాట వారి పుస్తకాల కెక్కింది. తరవాత జంతుశాస్త్రజ్ఞులు దానికి లాటిన్ వేషం వేసి ‘బాండికోటా’ అన్నారు.

అసలు తమాషా ఆ మీదట జరిగింది. 1799 ప్రాంతంలో జార్జి బాస్ అనే ఓడ వైద్యుడు ఆస్ట్రేలియాలో మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వే జంతువును చూసి ఇదే పేరు తగిలించాడు. అది ఎలుకే కాదు! కంగారూలాగా పిల్లలను సంచిలో మోస్తుంది. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కు తిరిగి ఉంటుంది. పైన మొక్క కదలకుండా అడుగున బంగాళాదుంపలు కాజేయడాన్ని అక్కడివారు ‘బాండికూటింగ్’ అంటారు. మన కొక్కుకు తగిన కీర్తే లెండి. 1996లో వచ్చిన వీడియో ఆటలో ‘క్రాష్ బాండికూట్’ కథానాయకుడే అయింది. గుడివాడలో ఆ ఆట ఆడిన కుర్రవాడు తాతగారి గాదె దగ్గర తిట్టిన పేరే అదని ఎన్నడూ అనుకుని ఉండడు.

నా బాధ అదే. తరగతిలో పందికొక్కు అంటే పిల్లలు మోటుమాటని నవ్వుతారు, బాండికూట్ అంటే రాసుకుంటారు! ఆ మాట పుట్టించినవాడు పండితుడు కాదు, చేలో కాపలా కాసినవాడు. ప్రజాధనం మెక్కేవాణ్ణి ‘పందికొక్కు’ అన్నదీ వాడే. అంతకంటె సూటి మాట నిఘంటువులో వెతికినా దొరకదు.

దివిసీమలో కోతల తరవాత కలుగు తవ్వితే లోపలి గదుల్లో వరికంకులు దొంతరలుగా ఉంటాయి. యానాదులు పొగబెట్టి కొక్కులను పట్టి, ఆ గింజలు ఏరుకుంటారు. రైతుకు పంట ఒక్కటే కాదు పోయేది. గట్టులో ఒక్క కలుగు చాలు, రాత్రికి రాత్రి మడిలో నీళ్ళు పక్కచేలోకి పోవడానికి. తెల్లవారి ఇద్దరు రైతులూ గట్టుమీద కేకలు వేసుకుంటూ ఉంటే, కొక్కు లోపల హాయిగా నిద్రపోతూ ఉంటుంది.