పులిగోరు కడితే భయం పోతుందా?

పసిబిడ్డ నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే చాలు, "మెడలో పులిగోరు కట్టండమ్మా" అనే పెద్దావిడ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. నల్లమల పక్కనే ఉన్న మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఈ మాట చాలాసార్లు విన్నాను. అసలీ నమ్మకం ఎక్కడిదంటారా?

పులిని చూస్తే అడవంతా హడలిపోతుంది కదా! దాని గోరు ఒంటిమీద ఉంటే ఆ ధైర్యం బిడ్డకొస్తుందనీ, దిష్టీ గాలీ దగ్గరకు రావనీ పెద్దవాళ్ళ ఊహ. ఇది నిన్న మొన్నటిది కాదు. బాలుడైన కుమారస్వామి మెడలో పులిగోళ్ళ హారం పాత శిల్పాల్లోనే కనిపిస్తుంది.

మా తమ్ముడికి రెండో నెలలో మా అవ్వ తిరునాళ్ళలో కొన్న పులిగోరు కట్టింది. ఐదో నెలకల్లా ఉలికిపాటు పోయింది. అందరం గోరు మహిమే అనుకున్నాం. చాలా ఏళ్ళకు దాన్ని మెరుగు పెట్టమని ఇస్తే కంసాలి నవ్వి, "ఇది ఎద్దుకొమ్మమ్మా" అన్నాడు! మరి భయం పోగొట్టిందెవరు? పుట్టిన బిడ్డలు చిన్న చప్పుడుకే చేతులు చాచి ఉలిక్కిపడటం సహజం. నాలుగు నుంచి ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. పేరు మాత్రం గోరు కొట్టేసింది.

ఎద్దుకొమ్మయితే డబ్బే నష్టం. నిజమైనదైతే ఒక పులి ప్రాణం. పులికి ఉండేవి 18 గోళ్ళు. అవి ఏరుకోడానికి అడవిలో రాలి ఉండవు, చచ్చిన పులి నుంచి తీయాల్సిందే. మన నల్లమల 1983 నుంచి ప్రాజెక్టు టైగర్ కింద ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పులిగోరు కొన్నా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25 వేల జరిమానా. అవ్వలనాటిదే కదా అన్నా, అటవీశాఖ సర్టిఫికెట్ లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు. 2023 అక్టోబరులో కన్నడ టీవీ షోలో పోటీదారు ఒకాయన గొలుసులో పులిగోరు కనిపించిందని అరెస్టయ్యాడు కూడా.

ఇప్పుడు తమ్ముడికి కొడుకు పుట్టాడు. మా అమ్మ మళ్ళీ గోరు సంగతెత్తింది. "వద్దమ్మా, రాత్రిళ్ళు మెడలో తాడుంటే బిడ్డకు బిగుసుకునే ప్రమాదం" అన్నాను. ఇప్పుడు వాడు ఉలిక్కిపడితే మా అమ్మే గుండెమీద చెయ్యేసి జోకొడుతోంది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

మీరూ అలాగే చేయండి. అంతగా ముచ్చటైతే, పేరంటాలకూ పండగలకూ వేయడానికి బంగారంతోనే గోరు ఆకారం చేయించుకోండి. పులి గోళ్ళు పులికే ఉండనిద్దాం.