బిగించేది పంపు కాదు, గాలి!

చెక్క పలకపై పల్చటి వినీర్ పొర అతికించాలంటే, జిగురు ఆరేదాకా దాన్ని అన్నిచోట్లా సమానంగా నొక్కి ఉంచాలి. క్లాంపులు అంచులను గట్టిగానే పడతాయి. కానీ మధ్యలో పట్టు చాలకపోతే పొర ఉబ్బుతుంది. అందుకే కొన్ని వడ్రంగి కార్ఖానాలు వాక్యూమ్ ప్రెస్ వాడతాయి.

పలకను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి మూసి, పంపుతో లోపలి గాలి తీసేస్తారు. నిజానికి పంపు దేన్నీ నొక్కదు. లోపల పీడనం తగ్గగానే బయటి గాలే సంచిని అదుముతుంది. 17వ శతాబ్దంలో ఒట్టో ఫాన్ గెరిక్ గాలి తీసేసిన రెండు లోహపు అర్ధగోళాలను గుర్రాలు లాగినా విడదీయలేకపోయింది ఈ బలం వల్లే.

సూరత్ శివార్లలోని ఇచ్ఛాపూర్ సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడ వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. సంచిలోని గాలిలో 80 శాతం తీసేస్తే, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న పలకపై 24 టన్నులకు పైగా బరువు పెట్టినట్టే. దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో అదే ఏర్పాటుకు దక్కేది సుమారు 23 టన్నులు.

ఎంత పెద్ద పంపు కొన్నా వాతావరణ పీడనాన్ని మించిన బలం రాదు. గాలి త్వరగా బయటికి పోతుందంతే. కాబట్టి ముందు చూడాల్సింది లీకులు. పంపు ఆపగానే గేజి ముల్లు వెనక్కి జారుతుంటే ఎక్కడో గాలి చొరబడుతున్నట్టే. పలకపై వల పరచడమూ ముఖ్యమే. లేకపోతే సంచి పలకకు అతుక్కుపోయి, దూరపు మూలలో గాలి చిక్కుకుంటుంది. రేపు వినీర్ ఉబ్బేది ఆ మూలలోనే.