మీ ఇంటి వైఫైకి రెండో తాళంచెవి ఎక్కడుంది?



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున ఓటీపీ రాకపోతే, మీరు మీరేనని యంత్రానికి ఎలా చెప్పుకుంటారు?

పెద్ద ఆఫీసుల్లో రూటర్లు చూసుకునే ఇంజనీర్లకు ఈ చిక్కు పాతదే. వాళ్ల యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు సాధారణంగా వేరే చోట ఒక సర్వర్‌లో ఉంటాయి. ఎవరు లాగిన్ అవబోయినా రూటర్ ఆ సర్వర్‌ని అడుగుతుంది. లైను తెగి జవాబు రాకపోతే, రూటర్‌లోనే దాచిన లోకల్ ఖాతా పనికొచ్చేలా ముందే ఏర్పాటు చేసుకుంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. సర్వర్ పలకనప్పుడే లోకల్ ఖాతా తెరుచుకోవాలి. 'ఈ మనిషి కాదు' అని సర్వర్ చెప్పాక కూడా తెరుచుకుంటే, వీధి గుమ్మంలో వాచ్‌మన్‌ని పెట్టి పెరటి తలుపు వదిలేసినట్టే.

మన ఇళ్లలో ఆ పెరటి తలుపు రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. చుట్టాలొస్తే చెప్పే వైఫై పాస్‌వర్డ్ వేరు, సెట్టింగులు మార్చే ఈ పాస్‌వర్డ్ వేరు. చాలా ఇళ్లలో ఇది కంపెనీ పెట్టినదే ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే వైరస్, ఇలాంటి 60కి పైగా పేరు-పాస్‌వర్డ్ జంటలను వరసగా ప్రయత్నించి లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది. పిల్లల గదిలో కెమెరా పెట్టినవాళ్లు దాని పాస్‌వర్డ్ కూడా ఈ ఆదివారమే మార్చండి.

కొత్త పాస్‌వర్డ్ మరిచిపోతే? రూటర్ వెనక చిన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. పిన్నుతో కొన్ని సెకన్లు నొక్కితే అంతా మొదటికొస్తుంది. దాంతో పాటు మీ ఇంటర్నెట్ కనెక్షన్ వివరాలూ పోవచ్చు. అందుకే కేబుల్ అబ్బాయిని అడిగి ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ముందే రాసి ఉంచుకోండి.

ఇక ఓటీపీ సంగతి. మన జిల్లాల్లో చాలామంది నాన్నలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, ఓడల మీదో పనిచేస్తారు. పిల్లల గూగుల్ ఖాతా ఓటీపీ వారి ఫోన్‌కే వెళ్తుంటే, పరీక్ష ముందు రాత్రి అమ్మ చేయగలిగింది ఏమీ ఉండదు. అమ్మ నంబరూ చేర్చండి. రెండంచెల తనిఖీ పెట్టుకున్న ఖాతాకు గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి రేషన్ కార్డు ఉండే చోటే పెట్టండి. ఆ కాగితం పోయిందనిపిస్తే కొత్త కోడ్‌లు తీసుకోండి, పాతవి చెల్లకుండా పోతాయి.