బంతి బంతికి పద్దు

మెదక్ జిల్లా మనోహరాబాద్ మీదుగా సాగు 44వ జాతీయ రహదారి దక్షిణముగా హైదరాబాదు చేరును. ఆ నగరమునకు తూర్పుదిక్కున, ఉప్పల్ క్రీడాప్రాంగణమున, 2024 మార్చి 27వ తేది రాత్రి సన్‌రైజర్స్ జట్టు ముంబయి ఇండియన్స్‌పై 3 వికెట్లకు 277 పరుగులు చేసి, 2013 నుండి చెక్కుచెదరక నిలిచిన 263 పరుగుల ఐపీఎల్ రికార్డును దాటివేసినది. ట్రావిస్ హెడ్ 24 బంతులలో 62, అభిషేక్ శర్మ 23 బంతులలో 63, క్లాసెన్ అజేయుడై 34 బంతులలో 80. చూపరులకు అది కేవల భుజబలవిజృంభణముగా తోచియుండవచ్చును గాని, అట్టి సాహసమునకు గణితాధారము లేకపోలేదు.

ఇరువది ఓవర్ల ఆటలో జట్టుకు లభించు బంతులు 120, వికెట్లు 10. టెస్టు ఆటలో అమూల్యధనమైన వికెట్టు ఇచ్చట అంత విలువ గలది కాదు; బంతులన్నియు నిండుకొన్న పిమ్మట వికెట్లు మిగిలియున్న ఇన్నింగ్సు, గాదెలో ధాన్యముండగా పస్తున్న సంసారము వంటిది. 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నియమము అదనముగ నొక బ్యాటరును సమకూర్చుటచే వికెట్టు వెల మఱింత తగ్గినది.

ఇట్టి లెక్కకు మూలము పద్దు. 1905 నుండి దాదాపు అర్ధశతాబ్దము పర్యటనజట్ల వెంట తిరిగిన స్కోరరు బిల్ ఫెర్గూసన్, ప్రతి బ్యాటరు కొట్టిన దెబ్బ ఏ దిక్కునకు పోయినదో గీతలు గీసి చూపెను. నేడు టీవీలో మనము చూచు పరుగుల చక్రము దాని వారసత్వమే. 2001లో లార్డ్స్ టెస్టు ప్రసారమున హాక్-ఐ ప్రవేశించిన పిదప, బంతి గమనమును సైతము కెమెరాలు కొలువసాగినవి. బంతి పడిన చోటు, వేగము, బౌలరు తీరు, బ్యాటరు కొట్టిన షాట్ అను వేలాది వివరములను ఒక్క తెరపై రంగులతో, పటములతో కూర్చి చూపునదే డ్యాష్‌బోర్డు. ఏ బ్యాటరు ఏ తీరు బౌలింగునకు తడబడునో శిక్షకునకు దానియందు క్షణములో గోచరించును.

అయినను పట్టిక సంభావ్యతనే చెప్పును. 2024 మే 26న చెన్నైలో జరిగిన ఐపీఎల్ ఫైనలున, తొలి ఓవరులోనే ప్రత్యర్థి బౌలరు స్టార్క్ అభిషేక్‌ను బౌల్డ్ చేయగా, మఱుసటి ఓవరులో హెడ్ ఎదుర్కొన్న మొదటి బంతికే వెనుదిరిగెను. సన్‌రైజర్స్ జట్టు 113 పరుగులకు కూలినది. దీనినిబట్టి లెక్కను నిందించుట నాకు న్యాయముగా తోచదు. దెబ్బ తప్పు రోజులుండునని ఎఱిగియే అట్టి పద్ధతిని చేపట్టవలెను.

ఈ విద్య ఉప్పల్‌కే పరిమితము కారాదనునదే నా ఆకాంక్ష. మనోహరాబాద్ వంటి ఊళ్లలో వేసవి టెన్నిస్‌బంతి పోటీలలో మెఱసిన కుఱ్ఱవాని ఆట, చూచిన పదిమంది జ్ఞాపకమున తప్ప ఎచ్చటను నిలువకున్న, ఎంపికదారుల కంట బడుట ఎట్లు? నేడు క్రిక్‌హీరోస్ వంటి యాప్‌లో ఒక్క ఫోనుతో బంతి బంతికి స్కోరు వ్రాయవచ్చును. కాని వ్రాయువాడు స్నేహముచే లెగ్‌బైను బ్యాటరు పరుగుగా వ్రాసినచో, ఆ పట్టికను ఎవ్వరు నమ్ముదురు? కావున ఊరి జట్లు ఆడువారితో బాటు, ఉభయపక్షములకు చెందని స్కోరరును గూడ ఎంచుకొనవలెను. పరుగులతో బాటు, ప్రతి బంతి పొట్టిగా పడినదో పాదముల చెంత పడినదో గూడ అతడు ఒక నోటుపుస్తకమున గుర్తించినచో, రేపు ఏ బంతిని అభ్యసింపవలెనో ఆ కుఱ్ఱవానికి తెలియును.